మా బావకు తెలిసినవన్నీ

‘మీ ప్రత్యేక నైపుణ్యాలు’ అని అచ్చేసి ఉన్న గడిలో మా బావ రెండే మాటలు రాశాడు. ఎత్తడం, దించడం.

చూసి నేను పడీపడీ నవ్వాను. మా అక్క నవ్వలేదు. నాలుగు పేజీల పత్రం అది. ఏ కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చు, ఎన్ని భాషల్లో మాట్లాడగలరు, సందర్శకులతో ఎలా మెలుగుతారు, ఎంతమంది చేత పని చేయించారు అని వరసగా అడిగి, ఒకటి నుంచి ఐదు దాకా ఎవరి మార్కులు వాళ్లనే వేసుకోమన్నారు. బావ అన్నిటికీ ఒకటే వేసుకున్నాడు. ఇరవై ఏడేళ్లుగా మ్యూజియం స్టోరులో పని చేస్తున్నాడు, ఆయన చెయ్యి పడని వస్తువు ఆ భవనంలో ఒక్కటి కూడా లేదు. అలాంటి మనిషి వంటింటి బల్ల ముందు కూర్చుని ఆ కాగితాలు చూసి నీళ్లు నములుతున్నాడు.

“ఇంకేదైనా రాయొచ్చు కదండీ,” అంది అక్క.

“నేను చేసేది అదేగా. ఎత్తుతాను, దించుతాను. మధ్యలో పగలగొట్టను.”

“పోనీ ఆ మాటైనా రాయి బావా,” అన్నాను.

గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని, బావుండదని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైగా ‘గడి చిన్నదిచ్చారు, అంతకన్నా పట్టదు’ అని నన్నే ఎగతాళి చేశాడు.

ఆ వేసవి మ్యూజియాన్ని మూడు నెలలు మూసేశారు. కొత్త డైరెక్టరు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. సందర్శకుడే కేంద్రం అనేది ఆవిడ మాట. అందులో తప్పేమీ లేదు, అంతకుముందు మా దగ్గర కేంద్రంలో ఉండేది దుమ్మే. గ్యాలరీలన్నీ విప్పేసి కొత్తగా కట్టాలనీ, స్టోరులోని నాలుగు వేల పైచిలుకు వస్తువులూ ఊరి అవతల కట్టిన కొత్త భవనానికి తరలించాలనీ నిర్ణయమైంది. సిబ్బంది అంతా ఎవరి ఉద్యోగానికి వాళ్లే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. మేం నలభై ఒక్క మందిమి. కొత్త పట్టికలో పోస్టులు ఇరవై ఆరు. అందులో స్టోరుకు ఇచ్చినవి రెండు. ఒకటి రికార్డుల అధికారి పోస్టు, అది నాదేనని అప్పటికే తేలిపోయింది.

తేలిందంటే అది బావ చలవే. అమ్మ పోయాక నేను అక్కా బావల దగ్గరే ఉండిపోయాను. వాళ్లకు పిల్లల్లేరు, కాబట్టి ఆ ఇంట్లో అలిగే హక్కు మొత్తం నాదే. టికెట్ల కౌంటరులో నన్ను పెట్టించింది బావే. సాయంత్రం కాలేజీలో మ్యూజియం నిర్వహణ కోర్సు చదవమని నా ప్రాణం తీసిందీ ఆయనే. ఇద్దరం చేతులతోనే బతికితే ఇంట్లో తలకాయ ఎవరికుంటుందని వేళాకోళం చేసేవాడు. ఆ తలకాయ పుణ్యమా అని నాకు ఉద్యోగం ఖాయమైంది. రెండో పోస్టు బావకు రాకపోతే యాభై రెండేళ్ల వయసులో ఆయన బయటికి నడవాలి. ఆదివారం కూడా ఒక్కసారి వెళ్లి తాళాలు చూసొస్తే గానీ అన్నం సయించని మనిషి. స్టోరు లేకపోతే ఈయన ఏమైపోతాడే అని అక్క నాతో రెండుసార్లు అంది. నేనుండగా అలా జరగనిస్తానా అని రెండుసార్లూ కోప్పడ్డాను.

మర్నాడే డైరెక్టరు గదికి వెళ్లాను. ఆవిడ చెడ్డమనిషని చెప్పగలిగితే నాకు కొంత తేలికగా ఉండేది. కుర్చీ చూపించి, ఫోను తీసి పక్కన పెట్టి, నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. బావకు డిగ్రీ లేకపోయినా వస్తువుల విషయంలో ఆయనకున్నంత తెలివి ఇంకెవరికీ లేదని నేను ఆవేశంగా చెప్పుకుపోయాను. ఆవిడ తాను ఇదివరకు పని చేసిన మ్యూజియంలో ఒక స్టోరుకీపరు సంగతి చెప్పింది. ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందట. దేన్ని ఎలా పట్టుకోవాలో ఒక్కరికీ తెలియక రెండేళ్లపాటు అలమారలు తెరవడానికే భయపడ్డారట.

“మీ బావగారికి అంతా తెలుసంటున్నారు, నేను నమ్ముతాను,” అంది. “కానీ కమిటీ ముందు ఏం పెట్టను? ఆ తెలిసింది ఎక్కడుంది?”

జవాబు నా నోటి చివరే ఉంది. మా కోర్సులో మొదటి రోజు నేర్పే పాఠం, మ్యూజియంలో రాసి లేనిది లేనట్టేనని. నంబరు వేసి, ఎక్కడిదో ఎవరిచ్చారో ఎలా ఉందో రాసుకోకపోతే ఎంత గొప్ప వస్తువైనా ఉత్త పాతసామానే. ఈ మాటను నేను మనసా వాచా నమ్మినదాన్ని. బావకు తెలిసింది కూడా అంతే కదా అనుకున్నాను. రాసి చూపిస్తే కళ్లున్నవాళ్లెవరికైనా ఆయన విలువ కనబడి తీరుతుందనుకున్నాను. ఆరు వారాలు ఇవ్వండి మేడమ్, చూపిస్తానని చెప్పి లేచొచ్చాను. ఆవిడ నన్ను మెచ్చుకోలుగా చూసింది, నేను పొంగిపోయాను.

స్టోరు నేలమాళిగలో ఉండేది. బారులు తీరిన ఇనప అరలు, వాటి మధ్య ఇద్దరు ఒత్తుకుంటే గానీ పట్టని సందులు, మూలన ఎప్పుడూ గుయ్యిమనే తేమ తీసే యంత్రం. నేను చిన్న బల్ల వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. మొదటి వస్తువు తెల్ల పింగాణీ పళ్లెం.

“ఇదెలా పట్టుకోవాలి బావా?”

“జాగ్రత్తగా.”

“అలా రాస్తే నీతోపాటు నన్ను కూడా ఇంటికి పంపిస్తారు.”

చాలాసేపు తంటాలు పడ్డాడు గానీ మాట రాలేదు. ఆయనకు తెలిసింది నోట్లో లేదు. మొదటి రోజు మొత్తానికి ఏడు వస్తువులు రాసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. రెండో రోజు పద్ధతి మార్చాను. నువ్వేమీ చెప్పకు, ఊరికే ఎత్తి దించు, నేను చూసి రాస్తాను అన్నాను. అప్పుడు దారిలో పడింది. బావ ఏ వస్తువునైనా ముట్టుకోవడానికి ముందు చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు కాసేపు నిలబడేవాడు. తర్వాత వెనక్కి తిరిగి దాన్ని ఎక్కడ పెట్టాలో చూసుకునేవాడు. ఆ తర్వాతే చెయ్యి వేసేవాడు. దించే చోటు చూసుకోకుండా ఎత్తేవాడు దొంగైనా అయ్యుండాలి, డైరెక్టరైనా అయ్యుండాలి అన్నాడు. అది మాత్రం నేను రాయలేదు.

మిగతావన్నీ రాశాను. లోలకం విప్పకుండా ఆ గోడగడియారాన్ని వంచకూడదు. ఆ చెక్క కుర్చీని చేతులు పట్టుకుని ఎత్తితే చేతులే వస్తాయి, కుర్చీ రాదు. మైనపు తలను అరచేతులతో పట్టుకోకూడదు, వేడి తగులుతుంది, కింద బల్ల ముక్క పెట్టి జరపాలి. ఎడమ అలమారలో దూది కూరిన పక్షులకు పాత రోజుల్లో పురుగు పట్టకుండా విషం పూశారు, కుడి అలమారలోని వాటికి పూయలేదు, రిజిస్టరులో మాత్రం రెండిటికీ ఒకే మాట ఉంది. తీగల వాయిద్యం పొట్ట మీది చీలిక వానల్లో మూసుకుంటుంది, ఎండల్లో తెరుచుకుంటుంది, చీలిక కనబడకపోతే బాగైందనుకోవద్దు. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగితే, వాటితో ఉంటే అవే చెబుతాయిలే అని కొట్టిపారేశాడు. నేను నేను కాబట్టి ఊరుకోలేదు. ఒక్కొక్కదానికీ ఎందుకు, ఎప్పట్నించి, చూసినవాళ్లెవరు అని పీకి పాకం పెట్టాను.

ఆ ఆరు వారాలూ నా జీవితంలోకెల్లా మంచి రోజులని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. అక్క ఒకే క్యారియరులో ఇద్దరికీ భోజనం పెట్టి ఇచ్చేది. మెట్ల కింద కూర్చుని తినేవాళ్లం. సాయంత్రం మేం ఇంట్లో అడుగు పెట్టగానే అక్క అడిగే మొదటి మాట ‘ఎన్నయ్యాయి?’. వెయ్యి దాటిన రోజు ఆమె ముఖం విచ్చుకుంది. రెండు వేలు దాటాక, వీళ్లు మీ బావను తీసేస్తే వాళ్లకే నష్టం కదే అని తనకు తానే చెప్పుకోవడం విన్నాను. బావ కూడా మారాడు. మొదట్లో మాట రానివాడు ఇప్పుడు నేను రాసింది చదివించుకుని, ‘మెల్లగా’ అని కాదు, ‘రెండు అంగుళాలు ఎత్తి ఆగి’ అని రాయమని నన్నే దిద్దేవాడు. తనకు ఇంత తెలుసని ఆయనకూ అప్పుడే తెలిసింది.

ఐదో వారంలో జాడీ దగ్గరికొచ్చాం. నా నడుము దాకా వచ్చే మట్టి జాడీ, లావుపాటి పొట్ట, సన్నటి మెడ, మెడకు రెండు పక్కలా పిడులు. మా దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా పాతది. బావ దాని ముందు అలవాటుకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు.

“ఇది పగిలిందే,” అన్నాడు. “నేనే పగలగొట్టాను.”

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జరిగిందట. మెడ పట్టుకుని ఎత్తాడు, మెడ చేతిలోకి వచ్చేసింది. అప్పటి స్టోరుకీపరు, బావ పెద్దాయన అని పిలుచుకునే మనిషి, ఒక్క మాట కూడా అనలేదు. మూడు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని అతుకు వేయించాడు, రంగు కలిపించాడు. రిజిస్టరులో ఎక్కించకుండా ఊరుకున్నాడు. నేను వంగి చూసినా, బావ వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు ఆ గీత కనబడలేదు. పాతికేళ్లుగా ఈ సంగతి అక్కకు కూడా చెప్పలేదన్నాడు.

“రాయి. ఎవరు పగలగొట్టారో కూడా రాయి.”

‘మెడ అతికించి ఉంది, బరువు మోయదు. మెడ గానీ పిడులు గానీ పట్టుకుని ఎత్తరాదు’ అని రాశాను. ఎవరు పగలగొట్టారన్నది రాయలేదు. తన పేరేదని ఆయన పట్టుబడితే, నీ పేరు మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో ఉంది బావా, అది చాలు అన్నాను. ఆ రోజు దారిపొడవునా ఆయన ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. బరువు దిగిన మనిషి అంటే ఏమిటో చూశాను.

అనుకున్న గడువుకు ఒక రోజు ముందే పని పూర్తి చేశాం. నాలుగు వేల నూట ముప్పై వస్తువులు. డైరెక్టరు రెండు రోజులు తీసుకుని చదివింది. మూడో రోజు తానే నేలమాళిగలోకి దిగొచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపింది. మీరు ఈ మ్యూజియానికి చేసిన మేలు ఇంతా అంతా కాదంది. ఇంతమంది పెద్ద చదువుల వాళ్లతో పనిచేశాను గానీ ఇలాంటిది చూడలేదంది. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికి వెళ్లాక ఆ మాటలు అక్కకు రెండుసార్లు చెప్పాడు, రెండోసారి కొంచెం పెంచి. అక్క ఇంటర్వ్యూ కోసం చొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించింది.

ఇంటర్వ్యూ నాలుగు రోజుల తర్వాత. నన్ను కమిటీలో కూర్చోనివ్వలేదు, బంధువును కాబట్టి. కింద మెట్ల దగ్గర నిలబడ్డాను. బావ లోపలికి వెళ్లి పది నిమిషాల్లో వచ్చేశాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

“మంచివాళ్లే,” అన్నాడు. “కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇచ్చారు. మనం రాసిందంతా అచ్చు వేయించి బల్ల మీద పెట్టుకున్నారు. ఇంత లావుంది.”

“ఏం అడిగారు?”

“ఒకటే అడిగారు. ఇందులో లేనిది మీకు ఇంకేమైనా తెలుసా అని.”

“నువ్వేమన్నావు?”

“బాగా ఆలోచించి లేదన్నాను. మా మరదలు ఒక్కటి కూడా వదల్లేదని చెప్పాను.”

పక్కన నిలబడి ఆయన జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుంటున్నాడు. టీ తాగుదామా అని అడిగాడు, పద అన్నాను.

జాబితా సోమవారం పెట్టారు. రెండో పోస్టుకు వేరే ఊరినుంచి ఒకమ్మాయి వస్తోంది, రెండు డిగ్రీలున్నాయి, మూడేళ్ల అనుభవముంది. నేను డైరెక్టరు గదికి ఎలా వెళ్లానో, ఏమేం అన్నానో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆయన చెప్పినవే కదా మీ బల్ల మీదున్నవి అని మాత్రం గట్టిగా అన్నాను. ఆవిడ తగ్గు స్వరంతోనే మాట్లాడింది. అందుకే ఇకమీదట ఏ ఒక్క మనిషి మీదా మ్యూజియం ఆధారపడక్కర్లేదంది. ఇది మీ పని గొప్పతనమని కూడా అంది. వెళ్లబోతుంటే జాలిపడి కాబోలు ఇంకో మాట చెప్పింది.

“తరలింపులో ఏదైనా దెబ్బతింటే ఆయన్ని సలహాదారుగా పిలిపిస్తాను. కమిటీ చేత ఆ ఒక్కటీ ఒప్పించాను.”

బావ తాళాలగుత్తి నా చేతికే ఇచ్చాడు, నియమం ప్రకారం రికార్డుల అధికారికే ఇవ్వాలి. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు. చూపించాను. ఏ తాళం ఏ అలమారదో చెప్పబోయి ఆగిపోయాడు. అది కూడా రాసే ఉంది.

అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు మామూలుగానే ఉంది. మూడో రోజు పొద్దున్న నేను ఆఫీసుకు బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

“బయటివాళ్లెవరైనా వచ్చి అడిగితే ఆయన అంతా చెప్పేవాడు కాదే,” అంది. “నువ్వు కాబట్టి చెప్పాడు.”

ఆమె వెళ్లి గిన్నెలు కడుక్కోసాగింది. ఆ రోజు నుంచి నాకు కాఫీ ఇచ్చేటప్పుడు పంచదార సరిపోయిందా అని అడగడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి మా అక్క నన్ను అలాంటి మాట అడగలేదు.

బావ కొన్నాళ్లు పొద్దున్నే లేచి తయారై కూర్చునేవాడు. తర్వాత తయారవడం మానేశాడు. పగలు పడుకునేవాడు. మంచినీళ్ల గ్లాసు ఎత్తినా పెట్టే చోటు చూసుకునే మనిషి, కళ్లజోడు ఎక్కడ పెట్టాడో, చెంబు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి ఇల్లంతా వెతుక్కునేవాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. అక్క పళ్లెం వైపు చూసి ఊరుకునేది. ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నేను ఉన్నప్పుడు మరీ తగ్గిపోయాయి.

వేసవి చివర్లో తరలింపు మొదలైంది. బయటి సంస్థ ప్యాకింగు వాళ్లు తొమ్మిది మంది వచ్చారు. వాళ్ల మేస్త్రి నలభై ఏళ్లావిడ, పొట్టిగా, గట్టిగా ఉండేది. చేతిలో పలక లాంటి కంప్యూటరు, అందులో నేను రాసినవన్నీ. ఒక్కో వస్తువు ముందు నిలబడి పైకి చదివేది, మనుషులు అలాగే చేసేవాళ్లు. రెండు అంగుళాలు ఎత్తి ఆగి, అంటే ఆగేవాళ్లు. బావ మాటలు ఎవరెవరి చేతుల్లోనో కదులుతుంటే మూలన నిలబడి చూశాను.

నిజం చెప్పాలి. మొదటి రోజు నుంచే నేను ఏదో ఒకటి పగలాలని కోరుకున్నాను. పెద్దది కాకపోయినా సరే, ఒక మూత, ఒక పిడి. నా ఉద్యోగం వాటిని కాపాడటం, నా చదువు దాని కోసం. అయినా పెట్టె మూసిన ప్రతిసారీ నా గుండె దిగజారేది. గోడగడియారం వెళ్లిపోయింది. మైనపు తల వెళ్లిపోయింది. విషం పక్షులకు ముసుగులూ చేతితొడుగులూ వేసుకుని మరీ మోశారు. రెండు వారాల్లో మూడు వేలు దాటిపోయాయి, ఒక్క పెచ్చు కూడా లేవలేదు.

జాడీ వంతు మర్నాడు వస్తుందనగా, మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు, నేను కంప్యూటరు తెరిచి దాని పేజీ తీశాను. మెడ అతికించి ఉంది, బరువు మోయదు. మెడ గానీ పిడులు గానీ పట్టుకుని ఎత్తరాదు. రెండు వాక్యాలు. బావ వేలు పెట్టి చూపించిన గీత నా కళ్ల ముందుకొచ్చింది. అది మళ్లీ విరిగితే అతికించడం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, వాళ్లు పిలిచి తీరాలి, ఆయన మళ్లీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని రావాలి. వెయ్యేళ్ల నాటి జాడీకన్నా మా బావ నాకు ఎక్కువ. ఆ రెండు వాక్యాలూ తీసేశాను.

మర్నాడు పదింటికి దాని దగ్గరికొచ్చారు. మేస్త్రి పేజీ చూసి, దీనికి ఎత్తే సూచనలేమీ రాసి లేవే అంది. అవునా అన్నాను. పట్టుకోవడానికి పిడులున్నాయిగా అని కూడా అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. ఆవిడ నావైపు చూడకుండానే వాళ్లకు సైగ చేసింది. ఇద్దరు నేల మీద మోకాళ్లూని జాడీ అడుగు కింద పల్చటి బల్ల మెల్లగా జరిపారు. ఇంకో ఇద్దరు పొట్ట చుట్టూ మెత్తటి స్పాంజి దిండ్లు కట్టారు. మెడను ఒక్కరూ ముట్టుకోలేదు.

“రాసి ఉన్నా లేకపోయినా మాకొకటే మేడమ్,” అంది మేస్త్రి. “మేం ప్రతిదాన్నీ పగిలిందనుకునే పట్టుకుంటాం.”

అలాగే చక్రాల బండి మీద జాడీ మా సందు దాటి, తలుపు దాటి వెళ్లిపోయింది. చక్రాలు కూడా చప్పుడు చేయలేదు. పనికిమాలిన ద్రోహం అనే మాట ఉంటుందో లేదో తెలియదు గానీ నేను చేసింది అదే. బావకూ ఉపయోగపడలేదు, నాకూ ఏమీ మిగల్చలేదు. సాయంత్రం ఆ రెండు వాక్యాలూ మళ్లీ చేర్చాను. ఎవరు ఎప్పుడు తీశారో, ఎవరు ఎప్పుడు పెట్టారో ఆ ప్రోగ్రాము దాచుకుంటుంది. అది తెరిచి చూసే పని ఎవరికీ ఉండదు.

ఆఖరి పెట్టె వారం తర్వాత చేరింది. డైరెక్టరు అందరినీ నిలబెట్టి, నాలుగు వేల నూట ముప్పైలో ఒక్కటి కూడా దెబ్బతినలేదని ప్రకటించింది. చప్పట్లు కొట్టారు. నన్ను నాలుగు మాటలు మాట్లాడమంటే గొంతు బాగా లేదని తప్పించుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి అక్క భోజనం పెడుతోంది. బావ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, నేనూ కూర్చున్నాను. ఎలాగూ చెప్పక తప్పదని, సామాను అంతా కొత్త చోటికి చేరిపోయిందని చెప్పాను.

అక్క చేతిలో గరిటె ఆగింది.

“ఒక్కటి కూడా పగల్లేదా?”

లేదన్నాను. ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. డైరెక్టరు చెప్పిన సలహాదారు మాట నేనే ఆమె చెవిన వేశాను. ఇన్నాళ్లూ వంటింట్లో నిలబడి ఆమె కూడా అదే కోరుకుంది. గరిటె గిన్నెలో పెట్టేసి అటు తిరిగింది.

బావ మాత్రం తల ఎత్తాడు.

“ఆ పెద్ద జాడీ?”

“దానికేం కాలేదు బావా. నేను దగ్గరే ఉన్నాను.”

ఆయన ముఖంలోకి ఎన్ని వారాల తర్వాతో రక్తం వచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“నాకు దాని మీదే భయం,” అన్నాడు. “ఎవడో ఒకడు మెడ పట్టుకునేవాడే. నువ్వు రాసి పెట్టావు కాబట్టి బతికింది. చెప్పి మంచి పని చేశాను కదే?”

“అవును బావా,” అన్నాను.

ఆ పూట ఆయన మారు అడిగి వడ్డించుకున్నాడు. అక్క గిన్నె ముందుకు జరిపింది. ఆయన తినడం అయిపోయేదాకా నేను ఆ బల్ల దగ్గర్నించి లేవలేకపోయాను.